చిన్ననాటి జట్టు, నడివయసు రక్తపోటు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోను చేసి, "ఇంజనీరువి కదా, నువ్వు కట్టిన వంతెనల గురించి ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నారు. వంతెనల గురించి వినడానికి ఆదివారం పూట ఎవరూ ఇంత దూరం రారు. అందుకని ఆయన అనుమతితో అంశం మార్చుకున్నాను. బడిలో తోటి పిల్లలతో గడిపిన రోజులకీ, నలభై యాభై ఏళ్లకి మన ఒంట్లో బయటపడే జబ్బులకీ ఉన్న సంబంధం గురించి మాట్లాడతాను.

మన కలయికల్లో మాటలు ఎలా మారుతూ వచ్చాయో గమనించే ఉంటారు. ఒకప్పుడు ఉద్యోగాల గురించి, ఆ తర్వాత ఇళ్ల స్థలాల గురించి, మొన్నమొన్నటి దాకా పిల్లల పెళ్లి సంబంధాల గురించి. నిన్న రాత్రి భోజనాల దగ్గర విన్న మాటలన్నీ మందు బిళ్లల గురించే. ఒకరు పరగడుపున వేసుకునేది, ఒకరు తిన్న తర్వాత వేసుకునేది. ఒకరికి రెండు స్టెంట్లు, ఇంకొకరికి మూడు. కారణాలు కూడా అందరూ చెప్పారు. తెల్లన్నం, ఉప్పు, ఊరగాయ, నడక లేకపోవడం, తాత ముత్తాతల నుంచి వచ్చిన షుగరు. ఇవన్నీ నిజమే. అయితే పదేళ్ల వయసులో నాతో ఎవరు ఆడుకున్నారు, నన్ను ఎవరు ఏడిపించారు అన్నది ఆ జాబితాలో ఎవరూ చేర్చలేదు. చేర్చాలి అని చెప్పడానికే ఈ ప్రసంగం.

నేను డాక్టర్ని కాను. కాంక్రీటుతో పనిచేసే మనిషిని. సైటుకి వచ్చిన సిమెంటు, ఇసుక, కంకరల పరీక్షా నివేదికలు ముప్ఫై ఏళ్లుగా చదువుతున్నాను. ఆ అలవాటుతోనే ఈ పరిశోధనలూ చదివాను. ఎంతమందిని చూశారు, ఎన్నేళ్లు చూశారు, పోల్చడానికి పక్కన ఎవరిని పెట్టుకున్నారు, ఈ ఫలితానికి ఇంకో కారణం ఏమైనా ఉండొచ్చా అని ప్రతిదాన్నీ అడిగి చూసుకున్నాను. గట్టిగా నిలబడతాయి అనిపించినవే మీ ముందు పెడుతున్నాను.

మొదటిది అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరం నుంచి. అక్కడ మగపిల్లలు పెద్దవాళ్లయ్యే దాకా ఏళ్ల తరబడి వివరాలు సేకరించారు. పిల్లవాడు వారంలో స్నేహితులతో ఎంతసేపు గడుపుతున్నాడో వాళ్ల తల్లిదండ్రులు చెబుతూ వచ్చారు. ఆరేళ్ల వయసు నుంచి పదహారేళ్ల దాకా ఈ లెక్క ఉంది. వాళ్లలో 267 మందికి 32 ఏళ్ల వయసులో రక్తపోటు, బరువు చూశారు. చిన్నప్పుడు స్నేహితులతో ఎక్కువసేపు గడిపినవాళ్ల రక్తపోటు, ఎత్తుకు తగిన బరువు మెరుగ్గా ఉన్నాయి. 2018లో ఇది అచ్చయింది.

బొద్దుగా ఉండే పిల్లలు ఆటలకు దూరంగా ఉంటారు, కాబట్టి అసలు కారణం బరువే కావచ్చు కదా అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. చిన్నప్పటి ఆరోగ్యం, ఇంటి స్థితిగతులు, పిల్లవాడి కలుపుగోలుతనం, పెద్దయ్యాక ఉన్న స్నేహాలు, వీటి ప్రభావాన్ని లెక్కలోంచి తీసేసి చూసినా ఆ సంబంధం మిగిలింది. తేడా పెద్దది కాదు. స్నేహం ఉంటే బీపీ రాదని ఆ అధ్యయనం చెప్పడం లేదు. ఆడపిల్లలు అందులో లేరు కూడా. కానీ ఇన్నేళ్ల తర్వాత కూడా రక్తపోటు కొలిచే పట్టీకి చిన్నప్పటి సాయంత్రాలు తెలుస్తున్నాయంటే అది చిన్న సంగతి కాదు.

రెండోది బ్రిటన్ నుంచి. 1958 మార్చిలో ఒక వారంలో అక్కడ పుట్టిన పిల్లల్ని ఆ దేశం ఇప్పటికీ గమనిస్తూనే ఉంది. మీ పిల్లవాణ్ని బడిలో ఎవరైనా ఏడిపిస్తున్నారా అని ఏడేళ్లప్పుడు, పదకొండేళ్లప్పుడు తల్లిదండ్రుల్ని అడిగారు. ఆ వివరాలు ఉన్న 7,771 మందిని యాభై ఏళ్ల వయసు దాకా పరిశీలించి 2014లో ఫలితాలు ప్రకటించారు. తరచుగా వేధింపులకు గురైన పిల్లలకు నడివయసులో మానసిక కుంగుబాటు, ఆందోళన ఎక్కువ. యాభై ఏళ్లకు వాళ్ల ఆరోగ్యం తక్కువ స్థాయిలో ఉంది, కష్టమొస్తే ఆదుకునే మనుషులూ తక్కువే. ఆ మరుసటి ఏడాది అదే బృందం 45 ఏళ్లప్పటి రక్త పరీక్షలు, బరువు చూసింది. చిన్నప్పుడు వేధింపులకు గురైన స్త్రీలలో 26 శాతం మందికి ఊబకాయం ఉంది. అవి లేనివాళ్లలో 19 శాతం. శరీరంలో లోలోపల వాపు ఉందని చెప్పే సీఆర్‌పీ అనే పదార్థం కూడా, తరచుగా వేధింపులు పడ్డవాళ్ల రక్తంలో ఎక్కువగా కనిపించింది.

ఏడేళ్ల పిల్లను ఎవరో జడ పట్టి లాగితే ముప్ఫై ఎనిమిదేళ్ల తర్వాత ఆమె రక్తంలో ఎలా తెలుస్తుంది? ఇది నన్ను చాలా రోజులు వదలని ప్రశ్న. దానికి జవాబు ఉంది.

వీధి కుక్క వెంటపడింది అనుకోండి. మెదడు హెచ్చరికతో ముందు అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. కాసేపటికి కార్టిజాల్ అనే ఇంకో హార్మోను వచ్చి, కండరాలకు కావలసిన చక్కెరను రక్తంలోకి దింపుతుంది. మనం పరిగెడతాం, గోడ దూకుతాం, కుక్క వెళ్లిపోతుంది. కొంతసేపటికి ఒళ్లు మామూలు స్థితికి వస్తుంది. ఈ ఏర్పాటు లేకపోతే మనిషి బతికి ఉండేవాడే కాదు. ఇప్పుడు ఆ కుక్క మన పక్క బెంచీలోనే కూర్చుంటుంది అనుకోండి. ప్రార్థన గంట నుంచి ఇంటి గంట దాకా, రోజూ, మూడేళ్లపాటు. పరుగెత్తడానికి చోటు లేదు. ఒళ్లు మామూలు స్థితికి వచ్చేలోపు మళ్లీ గంట కొడతారు. అప్పుడు శరీరం ఆ ఎత్తునే మామూలు స్థితిగా పెట్టుకోవడం మొదలుపెడుతుంది. గాయం లేకపోయినా రోగనిరోధక వ్యవస్థ గాయం అయినట్టే పనిచేస్తూ ఉంటుంది. నేను చెప్పిన లోలోపలి వాపు అదే. రక్తనాళాల గోడలు పాడవడంలో, షుగరు రావడంలో దాని పాత్ర ఉందని వైద్యులు ఎప్పుడో తేల్చారు.

కెనడాలోని మాంట్రియల్‌లో మైకేల్ మీనీ అనే శాస్త్రవేత్త ఎలుకల మీద చేసిన పని ఇంకా లోతుకు వెళ్లింది. పుట్టిన మొదటి వారంలో తల్లి ఎలుక పిల్లల్ని బాగా నాకుతూ దగ్గరకు తీసుకుంటే, ఆ పిల్లలు పెద్దయ్యాక భయానికి అతిగా స్పందించవు. అంతగా పట్టించుకోని తల్లి పిల్లలు ప్రతిదానికీ ఉలిక్కిపడతాయి. ఇది పుట్టుకతో వచ్చిందేమోనని పిల్లల్ని తారుమారు చేసి చూశారు. పట్టించుకోని తల్లికి పుట్టి, దగ్గరకు తీసుకునే తల్లి దగ్గర పెరిగిన పిల్లలు నెమ్మదస్తులే అయ్యాయి. కన్న తల్లి కంటే పెంచిన తీరుదే పైచేయి అయింది. మెదడులో భయాన్ని చల్లార్చే జన్యువు మీద రసాయన గుర్తు వేరుగా ఉందని కూడా 2004లో చూపించారు. జన్యువు మారలేదు. అది ఎంత పనిచేయాలో నిర్ణయించే బిగింపు మారింది. మనుషులు ఎలుకలు కారు గానీ, ఈ యంత్రాంగం మనలోనూ ఉంది.

ఇక ఈ రంగంలో అందరూ చెప్పుకునే అధ్యయనం. అమెరికాలోని శాన్ డియేగోలో విన్సెంట్ ఫెలిటి అనే డాక్టరు ఊబకాయానికి చికిత్స చేసేవాడు. 1980లలో ఆయనకు వింత అనుభవం ఎదురైంది. బరువు తగ్గనివాళ్లు కాదు, బాగా తగ్గుతున్నవాళ్లే చికిత్స మధ్యలో మానేసి వెళ్లిపోతున్నారు. కూర్చోబెట్టి మాట్లాడితే చాలామంది బాల్యంలో ఎవరికీ చెప్పుకోలేని గాయాలు బయటపడ్డాయి. ఆ తర్వాత రాబర్ట్ ఆండా అనే మరో డాక్టరుతో కలిసి 17,000 మందికి పైగా పెద్దవాళ్లను బాల్యం గురించి అడిగారు. కొట్టడం, అవమానించడం, లైంగిక హింస, ఇంట్లో తాగుబోతు ఉండటం, తల్లిని కొట్టడం చూస్తూ పెరగడం, ఇలాంటివి. వాళ్లేమీ నిరుపేదలు కారు, ఆరోగ్య బీమా ఉన్న మధ్యతరగతి వాళ్లే ఎక్కువ. 1998లో మొదటి ఫలితాలు వచ్చాయి. సగానికి పైగా మందికి కనీసం ఒక అనుభవం ఉంది. నాలుగు, అంతకుమించి ఉన్నవాళ్లకు తాగుడు, మాదకద్రవ్యాలు, కుంగుబాటు, ఆత్మహత్యా ప్రయత్నం, వీటి ముప్పు ఏ అనుభవమూ లేనివాళ్ల కంటే నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువ. గుండె జబ్బు, క్యాన్సరు, ఊపిరితిత్తుల జబ్బు కూడా ఆ మెట్ల ప్రకారమే పెరుగుతూ పోయాయి.

ఇంతవరకు విన్నాక ఎవరికైనా దిగులు పుడుతుంది. మొక్కై వంగనిది మానై వంగునా అని మన పెద్దలు ఎప్పుడో అన్నారు కదా, జరిగిపోయినదానికి ఇప్పుడు చేసేదేముంది అనిపిస్తుంది. నా వృత్తి కూడా మొదట నాకు అదే చెప్పింది. స్లాబు పోశాక మేస్త్రీలు గోనెలు పరిచి, చుట్టూ మట్టి గట్టు కట్టి, నీళ్లు నిలబెడతారు. మామూలు సిమెంటుకి కనీసం ఏడు రోజులు తడపాలని ఐఎస్ 456 చెబుతుంది. బలం ఎంత వచ్చిందో 28వ రోజున దిమ్మెను పగలగొట్టి చూస్తాం. ఆ మొదటి రోజుల్లో ఎండకు వదిలేసిన స్లాబుకి ఆ తర్వాత ఏడాదంతా నీళ్లు పోసినా ఆ లోటు తీరదు. మనిషి సంగతి కూడా ఇంతేనా?

ఇంతే కాదని చెప్పే ఆధారాలు ఉన్నాయి. హైస్కూలుకు సంబంధించినది ముందు చెబుతాను. అనాథాశ్రమాల్లో ఆదరణ లేకుండా మొదటి ఏళ్లు గడిపి, తర్వాత మంచి కుటుంబాలకు దత్తత వెళ్లిన పిల్లల్ని అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మేగన్ గన్నర్ బృందం పరీక్షించింది. భయం కలిగినప్పుడు వాళ్ల ఒంట్లో కార్టిజాల్ రావలసినట్టు రావడం లేదు, మొద్దుబారిపోయి ఉంది. దత్తత వెళ్లి ఏళ్లు గడిచినా అలాగే ఉంది. కానీ యుక్తవయసులోకి అడుగుపెట్టేకొద్దీ అది మామూలు పిల్లల స్థాయికి వచ్చింది. 2019లో ప్రకటించిన ఫలితం ఇది. పసితనంలో ఒకసారి బిగిసిన మీటను శరీరం పన్నెండు, పదమూడేళ్లప్పుడు మళ్లీ విప్పి సరిచూసుకుంటుంది అన్నమాట. చుట్టూ ఉన్నవాళ్లు మంచివాళ్లయితే మేలు జరుగుతుంది. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లలు ఎక్కడ ఉంటారు? మన బడిలో ఉంటారు. రెండోసారి నీళ్లు పట్టే అవకాశం కాంక్రీటుకి లేదు. పిల్లలకు ఉంది, అది మన చేతుల్లోకి వస్తోంది.

బయటి నుంచి చేసిన సాయం ఒంట్లో నిలబడుతుందా అన్నదానికి ఇంకో రెండు సాక్ష్యాలు. అమెరికాలో నార్త్ కరోలైనా రాష్ట్రంలోని చాపెల్ హిల్‌లో 1972 నుంచి 1977 మధ్య పుట్టిన 111 మంది పేద పిల్లల్ని చీటీలు వేసినట్టు రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టును ఐదేళ్లు వచ్చేదాకా రోజూ శిశు కేంద్రంలో ఉంచి ఆడించారు, మాట్లాడించారు, వేళకు తిండి పెట్టారు, డాక్టర్లకు చూపించారు. ముప్ఫై ఏళ్లు దాటాక పరీక్షిస్తే, ఆ జట్టులోని మగవాళ్ల పై రక్తపోటు సగటున 126. రెండో జట్టులో 143. రెండో జట్టు మగవాళ్లలో నలుగురిలో ఒకరికి బీపీ, షుగరు, కొవ్వు, నడుం చుట్టుకొలత అన్నీ కలిసి చెడిపోయిన స్థితి ఉంది. మొదటి జట్టులో ఒక్కరికీ లేదు. చూసినవాళ్ల సంఖ్య చిన్నదే. అయినా 17 పాయింట్ల తేడా అంటే ఎంతో ఇక్కడ బిళ్లలు వేసుకునేవాళ్లందరికీ తెలుసు.

రెండో సాక్ష్యం మన హైదరాబాదు పక్కనే ఉంది. 1987 నుంచి 1990 దాకా జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు నగరం చుట్టుపక్కల 29 పల్లెలు తీసుకున్నారు. 15 పల్లెల్లో అంగన్‌వాడీ పథకం కింద గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో ఉప్మా పెట్టేవారు. మిగిలిన 14 పల్లెలకు ఆ పథకం అప్పటికి రాలేదు. 2003, 2005 మధ్య, ఆ పిల్లలకు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్లు వచ్చాక, 1,165 మందిని పరీక్షించారు. ఉప్మా తిన్న పల్లెల పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడవున్నారు. షుగరు జబ్బుకి దారితీసే ఇన్సులిన్ నిరోధకత వాళ్లలో 20 శాతం తక్కువ. రక్తనాళాలు కాస్త మెత్తగా ఉన్నాయి. రక్తపోటులో, కొలెస్ట్రాల్‌లో తేడా రాలేదు, అది కూడా చెప్పాలి. ఇది తిండికి సంబంధించిన ప్రయోగమే. కానీ పసిపిల్లకు తిండి ఒక్కటే విడిగా రాదు, పెట్టే చెయ్యి కూడా వస్తుంది. రోజూ ఒకే వేళకు, పదిమంది పిల్లలతో కలిసి కూర్చుని తినడంలో ఆకలి తీరడం కంటే ఎక్కువే ఉంది.

ఇప్పుడు మన బడి సంగతికి వస్తాను.

పంటలు వేసుకుని జట్లు పంచుకునేటప్పుడు ఎవరి తమ్ముడో, చెల్లెలో చిన్నపిల్ల ఒకరు వెంట వచ్చేవారు గుర్తుందా? ఆ పిల్లను పొమ్మనేవాళ్లం కాదు. ఆటలో అరటిపండు అనేవాళ్లం. పట్టుకున్నా దొంగ కాదు, ఔటైనా పోదు, కానీ పరుగంతా మనతోనే. ఇప్పుడు ఆ మాటను పనికిరానివాడు అనే అర్థంలో వాడుతున్నాం. ఆ చిన్నపిల్ల వైపు నుంచి చూడండి. నాకు ఆట రాకపోయినా నన్ను ఆడించుకున్నారు అన్నదే ఆమెకు మిగిలేది. ఏ పరిశోధకుడూ చెప్పకముందే మన వీధులు కనిపెట్టిన మందు అది.

అన్నీ ఇంత బాగా లేవు. మంచినీళ్ల కుండ దగ్గర దూరంగా నిలబడి, ఎవరైనా పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగిన పిల్లలు మన మధ్యే ఉండేవాళ్లు. నలుపనీ, నత్తి అనీ, ఊరి చివర ఇల్లనీ అసలు పేరు పోగొట్టుకున్నవాళ్లు ఉండేవాళ్లు. ఆడపిల్లలకు గ్రౌండులో చోటే ఉండేది కాదు. ఆటల పిరియడులో వాళ్లు వరండాలో కూర్చుని మా ఆట చూసేవాళ్లు.

నా బ్యాచ్ సంగతి లెక్క చెబుతాను. ఆరో తరగతిలో మేము 46 మందిమి చేరాం. పదో తరగతి పరీక్ష రాసింది 29 మంది. తక్కిన 17 మందిలో కొందరు వేరే ఊరు వెళ్లారు, కొందరు పనిలోకి దిగారు, కొందరు ఆడపిల్లలకు పెళ్లిళ్లయ్యాయి. కొందరు మాత్రం బడి భరించలేక మానేశారు. మన సంఘం సభ్యత్వ పుస్తకంలో ఆ 17 మందిలో ఒక్క పేరూ లేదు. ఎందుకంటే సభ్యత్వానికి పదో తరగతి ధ్రువపత్రం అడుగుతున్నాం. యాభై ఏళ్లుగా మనం ఇక్కడ చేరి, మన బడి రోజులు ఎంత బాగుండేవో చెప్పుకుంటున్నాం. నిలబడ్డ స్తంభాలను మాత్రమే పరీక్షించి కట్టడం అంతా బాగుందని నివేదిక రాస్తే నా ఉద్యోగం పోతుంది. బాల్యపు దెబ్బలు ఒంటి మీద ఎక్కువగా మోస్తున్నవాళ్లు, ఈ రోజు రక్తపోటు చూపించుకోవలసిన అవసరం అందరికంటే ఎక్కువ ఉన్నవాళ్లు ఈ షామియానా కింద లేరు.

అలా జారిపోకుండా ఒకరిని ఆపిన సంగతి కూడా చెబుతాను. మా తరగతిలో నత్తి ఉన్న అబ్బాయి ఒకడు ఉండేవాడు. పాఠం చదవమంటే తరగతి నవ్వేది. ఏడో తరగతిలో వారానికి మూడు రోజులే వచ్చేవాడు. మా డ్రిల్లు మాస్టారు ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు. ఆ అబ్బాయిని పిలిచి బడి గంట అప్పగించారు. ఎక్కువసార్లు మాట్లాడవలసిన పని కాదు, కానీ ఒక్క రోజు కూడా మానడానికి వీల్లేని పని. కబడ్డీ ఆడేటప్పుడు పాయింట్లు రాసే పుస్తకం కూడా వాడికే ఇచ్చారు. రెండు జట్లూ వాడి చుట్టూ మూగవలసిందే. వాడు పదో తరగతి పాసయ్యాడు. ఆ మాస్టారుకి కార్టిజాల్ అనే మాట తెలిసి ఉండదు. ఒక పిల్లవాడు రోజూ పొద్దున్నే ఏ భయంతో గేటు దాటుతున్నాడో తెలిసింది. అది చాలు.

ఒక హెచ్చరిక చెప్పి నా సూచనలకు వస్తాను. ఈ అంకెలు గుంపుల గురించినవి, ఒక్కొక్క మనిషి జాతకాలు కావు. కష్టమైన బాల్యం గడిచినవాళ్లందరికీ జబ్బులు రావు. హాయిగా పెరిగినవాళ్లకూ గుండెపోటు వస్తుంది. కాబట్టి ఇంటికెళ్లి మీ బీపీకి మీ అమ్మానాన్నల్నో, ఆరో తరగతి పక్క బెంచీవాణ్నో బాధ్యుల్ని చేయకండి, మందులు మానకండి. అలాగే, నాకు అలాంటివి జరిగాయి, ఎవరికీ చెప్పలేదు అనుకునేవాళ్లు ఈ సభలో తప్పకుండా ఉంటారు. మీ డాక్టరుకి చెప్పండి. అది సిగ్గుపడవలసిన విషయం కాదు, మీ ఆరోగ్య చరిత్రలో ఒక భాగం. మాట్లాడటానికి 14416 అనే టెలి మానస్ నంబరు ఉంది, తెలుగులో కూడా మాట్లాడతారు.

స్వర్ణోత్సవ నిధి మీద మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో చర్చ ఉంది. ముఖద్వారానికి ఆర్చి కట్టాలన్న ప్రతిపాదన చదివాను. ఇంజనీరునై ఉండి ఆర్చి వద్దంటే నా వృత్తికి ద్రోహం చేసినట్టే. దానికి డిజైను ఉచితంగా నేనే ఇస్తాను. కానీ డబ్బు ఖర్చు పెట్టే వరుసలో దాన్ని నాలుగో స్థానంలో పెట్టమని కోరుతున్నాను. ముందు మూడు ఇవి.

ఒకటి. పాత హాజరు పట్టీలు బడి బీరువాలో ఇంకా ఉన్నాయి. ప్రతి బ్యాచూ తన పట్టీ తీసుకుని, మధ్యలో మానేసినవాళ్లు ఎక్కడున్నారో వెతకాలి. సభ్యత్వానికి ధ్రువపత్రం నియమం తీసేయాలి. ఒక్క రోజు బడికి వచ్చినా పూర్వ విద్యార్థే. వచ్చే నెల మనం పెడుతున్న వైద్య శిబిరానికి మొదటి పిలుపు వాళ్లకే వెళ్లాలి. కార్డు పోస్టులో పంపితే సరిపోదు, ఇంటికి వెళ్లి పిలవాలి.

రెండు. ఆటల పిరియడు తిరిగి రావాలి. పదో తరగతికి ఆ గంటను లెక్కల రివిజనుకి ఇచ్చేశారని పిల్లలు నిన్న నాతో చెప్పారు. హెడ్‌మాస్టారు గారి మీద ఫలితాల ఒత్తిడి ఎంత ఉందో నాకు తెలుసు. ఉదయం ప్రత్యేక తరగతి చెప్పడానికి మనలో లెక్కలు వచ్చినవాళ్లం వంతులు వేసుకుని వస్తాం, సాయంత్రం గంట పిల్లలకు వదలండి. ఆడపిల్లలకు గ్రౌండులో సగం, వాళ్ల బంతులు వాళ్లకు, వాళ్ల సమయం వాళ్లకు. జట్టులో చోటు దొరకని పిల్ల ఆ రోజు ఎవరో చూడటానికి ఒక పెద్దమనిషి అక్కడ ఉండాలి.

మూడు. ఆరో తరగతిలో చేరే ప్రతి పిల్లకూ తొమ్మిదో తరగతి నుంచి ఒక అక్కో అన్నో ఉండాలి, ప్రతి పదిమంది పిల్లలకూ పేరు, ఇల్లు తెలిసిన ఒక ఉపాధ్యాయులు ఉండాలి. పిల్లల్ని కొట్టకూడదనీ మానసికంగా వేధించకూడదనీ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను చెబుతోంది. ఆ మాటలు, కింద 1098 నంబరు, గోడ మీద పిల్లల కంటికి అందే ఎత్తులో రాయిద్దాం. రంగు ఖర్చు మా బ్యాచ్‌ది.

ఈ మూడింటికీ కలిపి వేసిన అంచనా కార్యదర్శి గారికి ఇచ్చాను. ఆర్చి అంచనాలో మూడో వంతు కూడా కాదు. ఇవాళ ఆరో తరగతిలో ఉన్న పిల్లలకు నా వయసు వచ్చేసరికి మనలో చాలామందిమి ఉండం. వాళ్ల రక్తపోటు ఎంత ఉందో చూసే భాగ్యం మనకు లేదు. అయినా ఆ అంకెలో కొంత భాగం ఈ మధ్యాహ్నం మనం ఎత్తే చేతుల మీద ఆధారపడి ఉంది. దయచేసి భోజనం కాగానే వెళ్లిపోకుండా సమావేశానికి రండి.

సెలవు.